ఈ బిళ్ళ ఎవరి కోసం?

గత వేసవిలో మా ఇంట్లో పెళ్ళి జరిగింది. మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ఆ రోజు పొద్దున్న నేను చేసిన ఒక పని గురించి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడుకునే ఈ పత్రికలో చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేననిపించి రాస్తున్నాను.

మా అమ్మాయికి 24 ఏళ్ళు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి. మాట స్పష్టంగా రాదు. అట్ట మీద రాసిపెట్టిన అక్షరాలను కుడిచేతి పిడికిలితో ఒక్కొక్కటిగా చూపించి మాట్లాడుతుంది. కండరాల బిగువు తగ్గటానికి బాక్లోఫెన్ అనే బిళ్ళ రోజుకి మూడుసార్లు వేస్తాము. పెళ్ళిరోజు పొద్దున్న మాత్రం ఒక్కసారే మూడు బిళ్ళలు వేశాను. సంతోషం వచ్చినా భయం వేసినా తన ఒళ్ళు ఒక్కసారిగా కొయ్యబారిపోతుంది, చేతులు విసురుతుంది, గట్టిగా అరుస్తుంది. "పెళ్ళివారు చూస్తే ఏటనుకుంటారు? కాసేపు పడుకోబెట్టీయొచ్చు కదా వొదినా" అంది మా ఆడపడుచు. అన్నది ఆమే. వేసింది నేను.

అమ్మాయి సాయంత్రం దాకా పడుకుంది. లేచేసరికి మెడ నిలబడలేదు. చొంగ కారుతోంది. బాత్రూముకి తీసుకెళ్దామని లేవనెత్తితే రెండు కాళ్ళూ గుడ్డపీలికల్లా వేలాడిపోయాయి. రాత్రికి తేరుకున్నాక అట్ట తెమ్మని సైగ చేసింది. పిడికిలితో చూపించింది: అ - డ - గ - లే - దు.

నిజమే. తనని నేను అడగలేదు. ఆ రోజొక్కటే కాదు, పదిహేనేళ్ళుగా తను మింగుతున్న మందు గురించి ఏనాడూ అడగలేదు. రాసిన డాక్టర్లెవరూ కూడా అడగలేదు. ఈ వ్యాసం దాని గురించే.

*

మాది విజయనగరం జిల్లా గరివిడి. నేను అంగన్‌వాడీ కార్యకర్తని. పుట్టగానే ఏడవని బిడ్డల్ని, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని, పసిరికలు ముదిరి మెదడుకెక్కినవాళ్ళని నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా ఇలాంటి కారణాల వల్లే వస్తుంది. ఎదుగుతున్న మెదడుకి కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ పెరగదు, పూర్తిగా మానదు. ప్రపంచం మొత్తం మీద ప్రతి వెయ్యి కాన్పుల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇలా ఉంటారని లెక్క. ఇంత తెలిసిన నన్ను కూడా మా వీధిలో ఒక పెద్దామె "ఒలే, గ్రహణం పూట ఏటి కోశావే?" అని అడిగింది. బిడ్డకి ఏ లోపం వచ్చినా అది తల్లి చేసిన తప్పు అని నమ్మే సమాజం మనది. ఆ తప్పు దిద్దుకునే బాధ్యత కూడా తల్లిదే అంటుంది. మందు ఇచ్చే చెయ్యి తల్లి చెయ్యే కాబట్టి, ఆ మందు మంచిచెడ్డలు కూడా తల్లి నెత్తినే పడతాయి. కానీ ఆ మందు గురించి తల్లికి చెప్పేవాళ్ళే లేరు.

అందుకని నేను తెలుసుకున్నది ముందు చెబుతాను.

కండరం బిగుసుకోవటానికీ వదులు కావటానికీ వెన్నుపాములో ఎప్పుడూ ఒక సర్దుబాటు జరుగుతూ ఉంటుంది. "చాలు, ఇక వదులు" అనే కబురు మెదడు నుంచి సరిగ్గా రాకపోతే కండరం బిగిసే ఉంటుంది. దీన్ని డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు. బాక్లోఫెన్ వెన్నుపాములో ఆ "వదులు" అనే కబురుకి బలమిస్తుంది. 1962లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో దీన్ని తయారుచేసింది నిజానికి మూర్ఛరోగం కోసం. మూర్ఛకి పనికిరాలేదు గాని కండరాల బిగువుకి పనికొచ్చింది. డయాజిపామ్, టిజానిడిన్ కూడా ఇదే పనికి వాడతారు. ఏదో ఒక కండరాన్ని మాత్రమే సడలించాలంటే బొటులినమ్ టాక్సిన్ అనే ఇంజెక్షన్ ఉంది. దాని ప్రభావం మూడు నుంచి ఆరు నెలలుంటుంది, తరవాత మళ్ళీ చేయించాలి. పొట్ట చర్మం కింద చిన్న పంపు అమర్చి బాక్లోఫెన్‌ని నేరుగా వెన్నులోకి పంపే పద్ధతి కూడా ఉంది. సెరిబ్రల్ పాల్సీకి దాన్ని అమెరికాలో 1996లో అనుమతించారు. అది లక్షల రూపాయల మాట. మాలాంటి వాళ్ళకి మిగిలేది బిళ్ళే.

ఇక్కడ ఒక హెచ్చరిక. మందుల షాపులో "కండరాలు పట్టేశాయి" అంటే ఇచ్చే క్లోర్‌జాక్సజోన్, థయోకోల్చికోసైడ్ లాంటివి నడుంనొప్పి, మెడపట్టు మందులు. సెరిబ్రల్ పాల్సీ బిగువుకి వాడేవి అవి కావు. చీటీ చూపించకుండా, పేరు చదవకుండా ఏదీ కొనవద్దు.

బిగువు తగ్గితే మంచిదే కదా, ఇందులో ప్రశ్న ఏముంది అని మీరు అడగవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బిగువు వల్ల నొప్పి ఉంటుంది. రాత్రి నిద్ర ఉండదు. తొడలు కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకుపోతే నెలసరి రోజుల్లో గుడ్డ మార్చటానికి ఇద్దరం పట్టుకోవాలి. ఆ సమయంలో మా అమ్మాయి ముఖంలో కనిపించే అవమానం నేను రాయలేను. బిళ్ళ వేశాక ఆ తొడలు ఒక్క మనిషి చేతికి విచ్చుకుంటాయి. ఇది చిన్న మేలు కాదు.

కానీ బిగువు పూర్తిగా శత్రువు కాదు. దాని కింద కండరం బలహీనంగా ఉంటుంది. ఆ బిగువునే ఆధారం చేసుకుని మా అమ్మాయి మంచం పట్టె పట్టుకుని అరనిమిషం నిలబడుతుంది. ఆ అరనిమిషంలోనే నేను తనని కుర్చీలోకి మార్చగలుగుతాను, తను బాత్రూములో ఒకరు ఎత్తుకోకుండా కూర్చోగలుగుతుంది. మోతాదు ఎక్కువైతే బిగువుతో పాటు ఆ నిలబడటం కూడా పోతుంది. దానితో పాటు మెలకువ పోతుంది. మత్తు, నీరసం, వాంతి, మలబద్ధకం, కొందరికి మూర్ఛలు పెరగటం - ఇవన్నీ ఈ మందుతో వచ్చే అవకాశం ఉన్నవే. డయాజిపామ్ కూడా తోడైతే మత్తు ఇంకా పెరుగుతుంది, శ్వాస మందగించే ప్రమాదం ఉంది. ఆ పెళ్ళిరోజు నేను చేసింది తప్పు మాత్రమే కాదు, ప్రాణాపాయం. ఇది చదివే ఏ తల్లీ అలా చెయ్యకూడదని అడుగుతున్నాను.

ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్ళు మరో విషయం గుర్తుంచుకోవాలి. బాక్లోఫెన్ ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవారిలో అది ఒంట్లో పేరుకుని మతిస్థిమితం తప్పేదాకా తీసుకెళ్తుంది. మన పక్కనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మనకు తెలుసు. అలాంటి చోట ఈ మందు రాసే ముందు రక్తపరీక్ష చేయించమని అడగటం రోగి హక్కు.

*

మందు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పాను. హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుందో మాకు తుపాను నేర్పింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా జిల్లాలోనూ చెట్లు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. రైళ్ళు ఆగిపోయాయి. అమ్మాయి మందు మేము నెలకొకసారి రైల్లో నెల్లిమర్ల మీదుగా విజయనగరం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆ నెల వెళ్ళాల్సిన రోజులవి. బిళ్ళలు అయిపోయాయి. "రెండు రోజులు బిళ్ళ లేకపోతే ఏమైపోతుంది, ఇంటి కప్పే ఎగిరిపోతుంటే" అనుకున్నాము.

రెండో రోజుకి ఒళ్ళంతా దురద. మూడో రోజుకి కాళ్ళు ఎన్నడూ లేనంతగా బిగుసుకున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. గోడవైపు చూసి ఎవరో ఉన్నట్టు బెదిరిపోయి అరుస్తోంది. ఇరుగుపొరుగు వచ్చి "తుపానుకి పోయినోలెవరో పట్టీసుంటారు, గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అన్నారు. కట్టించాము కూడా. దాస్తే ఏం లాభం? చివరికి ఆటోలో, దారిలో పడ్డ చెట్లు తప్పించుకుంటూ ఒక ఆసుపత్రికి చేర్చాము. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "బాక్లోఫెన్ ఎన్ని రోజులుగా ఆపారు?"

ఆ మందు ఉన్నట్టుండి ఆపితే జ్వరం, లేనివి కనిపించటం, మూర్ఛలు, మరీ విషమిస్తే మరణం కూడా రావచ్చునని ఆ రోజు మొదటిసారి విన్నాను. ఆపాలంటే కొన్ని వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలట. అప్పటికి నాలుగేళ్ళుగా వాడుతున్నాము. మొదట రాసిన డాక్టరు గాని, నెలనెలా బిళ్ళలు కట్టి ఇచ్చినవాళ్ళు గాని ఈ ఒక్క మాట చెప్పలేదు. చీటీ మీద ఒక్క వాక్యం రాసి ఉంటే మేము పది రోజుల బిళ్ళలు ముందుగా దాచుకునేవాళ్ళం. చదువు లేక మేము తాయెత్తు కట్టించామని నవ్వుకోవచ్చు. చదువుకున్నవాళ్ళు చెప్పాల్సింది చెప్పి ఉంటే మాకు తాయెత్తు అవసరమే వచ్చేది కాదు.

షాపులో స్టాకు లేకపోవటం, "వచ్చే వారం రండి" అనటం వేరే రోగాలకి అసౌకర్యం కావచ్చు. ఇలాంటి మందు విషయంలో అది ప్రమాదం. తుపానులు మన తీరానికి కొత్త కాదు. హుద్‌హుద్ తరవాత 2018లో తిత్లీ వచ్చింది. తుపాను హెచ్చరిక రాగానే గర్భిణుల జాబితా తీసి ముందుగా ఆసుపత్రికి తరలిస్తాం, అందులో మా అంగన్‌వాడీల చెయ్యి కూడా ఉంటుంది. ఆపకూడని మందులు వాడేవాళ్ళ జాబితా ఎందుకు ఉండకూడదు?

*

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బిళ్ళ ఎవరి కోసం వేస్తున్నాము?

మోసేవాళ్ళ కోసమా, మోయించుకునే మనిషి కోసమా? ఈ ప్రశ్న అడగగానే తల్లులు నొచ్చుకుంటారని తెలుసు. నాకూ నడుం పోయింది. 24 ఏళ్ళుగా ఒక మనిషిని ఎత్తి దించుతున్నాను. మా ఆయన మంచివాడే గాని స్నానం, నెలసరి, తిండి అన్నీ నావే. వికలాంగుల సంరక్షణ అంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళ చాకిరీ అనే అర్థం. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి రాత్రిపూట కొద్ది మోతాదులో డయాజిపామ్ ఇస్తే బిడ్డకి హాయిగా ఉండటంతో పాటు కుటుంబం మీద భారం కూడా తగ్గిందని చూపించారు. తల్లి పడే భారాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నందుకు ఆ వైద్యులకి దండం పెట్టాలి. భారం తగ్గాలని కోరుకోవటం తల్లి పాపం కాదు.

అయితే ఆ భారాన్ని తగ్గించటానికి ఉన్న దారి బిళ్ళ ఒక్కటే అయిపోవటం అన్యాయం. ఎత్తటానికి మరో మనిషి ఉంటే, మంచం పక్కన పట్టుకునే కమ్మీ ఉంటే, కుర్చీ పట్టే బాత్రూము తలుపు ఉంటే, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ ఉంటే అంత మోతాదు అవసరం ఉండకపోవచ్చు. అవేవీ లేవు కాబట్టి లోకం అమర్చాల్సిన సదుపాయాల బదులు ఆ అమ్మాయి ఒంటిని మెత్తబరుస్తున్నాము. పశువులకి వైద్యం నేర్పే కళాశాల మా గరివిడిలోనే ఉంది. ఉండాల్సిందే, సంతోషం. మా అమ్మాయికి కాళ్ళు చాపించే ఫిజియోథెరపీ కోసం మాత్రం నేను ఒక రోజు జీతం వదులుకుని రైలెక్కాలి.

వైద్యశాస్త్రం కూడా ఈ విషయంలో మనం అనుకున్నంత ధీమాగా లేదు. అమెరికా నరాల వైద్యుల సంఘం 2010లో ఉన్న పరిశోధనలన్నీ పరిశీలించి, పిల్లల్లో ఒకచోట ఉన్న బిగువుకి బొటులినమ్ ఇంజెక్షన్ పనిచేస్తుందని, డయాజిపామ్‌ని కొద్దికాలం వాడి చూడవచ్చునని చెప్పింది. నోటితో వేసుకునే బాక్లోఫెన్ గురించి మాత్రం అవునని గాని కాదని గాని చెప్పటానికి చాలినంత ఆధారం లేదంది. అంటే బిళ్ళ పనికిరాదని కాదు, మా అమ్మాయికి పనికొస్తూనే ఉంది. ఎవరికి ఎంత పనికొస్తుందో పుస్తకం చూసి చెప్పలేరని అర్థం. అలాంటప్పుడు ఆ మందు వేసుకునే మనిషి చెప్పేదానికంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? ఆ సాక్షినే ఎవరూ పిలవటం లేదు.

మాట రానివాళ్ళకి మనసు లేదనుకోవటం మన అలవాటు. మితూ అలూర్ అనే తల్లి 1972లో ముంబయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించింది, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన తన కూతురు మాలినీ చిబ్ కోసం. ఆ మాలిని ఒకే ఒక్క వేలితో టైపు చేసి తన జీవితకథ రాసింది. 2011లో వచ్చిన ఆ పుస్తకం పేరే "వన్ లిటిల్ ఫింగర్". అంత అవకాశం అందరికీ రాదు. కానీ ఒక పిడికిలి, ఒక అట్ట, అడిగే మనిషి ఉంటే చాలు, మా అమ్మాయి లాంటివాళ్ళు తమ ఒంటి గురించి చెప్పగలరు.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్, చట్టం ముందు వాళ్ళు అందరితో సమానమైన సామర్థ్యం ఉన్నవాళ్ళని గుర్తిస్తుంది. 24 ఏళ్ళ మనిషి మందు గురించి తనతోనే మాట్లాడాలి, తల్లితో తల మీద నుంచి కాదు. అదే చట్టం 25వ సెక్షన్ దగ్గరలోనే, ముఖ్యంగా పల్లెల్లో, ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం అందించాలంటుంది. 24వ సెక్షన్ ఉచిత మందుల గురించి, ఎక్కువ తోడ్పాటు అవసరమైనవాళ్ళని చూసుకునేవారికి భృతి గురించి చెబుతుంది. అయితే అన్నిటికీ ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి అనే ముడి వేశారు. మన రాష్ట్రంలో 2024 జులైలో వికలాంగుల పింఛను 6,000 రూపాయలకి, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000కి పెంచారు. అది మేలే. కానీ పింఛను ఆ మనిషి బతుకు కోసం. చూసుకునే ఆడమనిషి చాకిరీకి వెల కట్టే భృతి వేరే ఉండాలి. చట్టంలో ఉన్న ఆ మాటని బయటికి తీసి అడగాల్సింది మహిళా సంఘాలే.

అందుకే నేను అడిగేవి ఇవి. ఆపకూడని మందు రాసినప్పుడు ఆ సంగతి తెలుగులో చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ మందు ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ ఉండాలి, తుపాను నెలల్లో రెండు నెలలకి సరిపడా ముందే ఇవ్వాలి. ఏళ్ళ తరబడి అదే చీటీ తిరగరాయకుండా, మోతాదుని ఆరు నెలలకొకసారైనా ఆ మనిషిని కూర్చోబెట్టి, అడిగి, సరిచూడాలి. ఫిజియోథెరపీ మండలానికి రావాలి. ఇవన్నీ కోరికలు కావు, చట్టంలో దారి ఉన్నవే.

పెళ్ళి అయిన నెలకి అమ్మాయిని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి అట్ట కూడా పట్టుకెళ్ళాను. డాక్టరుకి ఓపిక లేదు, బయట వరసలో చాలామంది ఉన్నారు. "మీరు చెప్పండమ్మా" అన్నాడు నాతో. "నేను చెప్పను బాబూ, తననే అడగండి" అన్నాను. తను పిడికిలితో చూపించటానికి చాలాసేపు పట్టింది. పగలు తక్కువ, రాత్రి ఎక్కువ. పొద్దున్న నిలబడాలి, రాత్రి నొప్పి లేకుండా పడుకోవాలి. అంతే తను అడిగింది. డాక్టరు కాసేపు ఆలోచించి పగటి మోతాదు నెమ్మదిగా తగ్గించే లెక్క రాసిచ్చాడు, తేడా కనిపిస్తే వెంటనే రమ్మన్నాడు.

ఇప్పుడు పగలు బిగువు కొంచెం ఎక్కువగానే ఉంది. నా నడుముకి కొంచెం ఎక్కువ పని పడుతోంది, ఆ మాట దాచను. వచ్చే మాఘంలో మా చెల్లెలి కొడుకు పెళ్ళి. ముందు వరసలో కుర్చీ వెయ్యమని అమ్మాయి ఇప్పటికే చెప్పింది. అరిస్తే అరుస్తుంది. పెళ్ళివారు చూస్తే చూస్తారు.